బధిర పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం: ఈ దారిలోకి రావచ్చా?

గోదారిగట్టు_లలిత
స్పెషల్ బీఈడీలో హెచ్‌ఐ సీటు వచ్చింది. అంటే వినికిడి లోపం ఉన్న పిల్లలకు చదువు చెప్పే కోర్సు. మామూలు బీఈడీ సీటు కూడా చేతిలో ఉంది. శుక్రవారంలోగా రెండింట్లో ఒకదానికి ఫీజు కట్టాలి. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

నాకు ఈ ఆలోచన రావడానికి కారణం మా చిన్నాన్న కొడుకు. పుట్టుకతోనే వినపడదు. పదో తరగతి పాసయ్యాడు. మొన్న వాడి ఏటీఎం కార్డు పోతే, బ్యాంకుకి అర్జీ వాడి చేతే రాయిద్దామని కూర్చున్నాను. "నేను కార్డు పోయింది అన్న బ్యాంకు వెళ్లాడు ఇవ్వండి" అని రాశాడు. పోయింది ఎవరి కార్డు, ఎవరికి ఇవ్వాలి, ఏదీ తేలదు. పదేళ్ల నోటు పుస్తకాలు తీసి చూశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. అంతా బోర్డు మీద చూసి ఎక్కించుకున్నదే. వాడికి తెలివి తక్కువ కాదు, నీళ్ల మోటారు విప్పి బిగిస్తాడు. పదేళ్లలో వాడికి భాష మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాన్నగారు "చెవిటివాడి ముందు శంఖం ఊదే ఉద్యోగం ఎందుకమ్మా" అన్నారు. వాడు అక్కడే ఉన్నాడు. మాట వినపడలేదు కానీ మా అందరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

అడగాల్సినవి మూడు. ఉద్యోగాలు ఉన్నాయా? సైగల భాష కోర్సులోనే నేర్పుతారా? నాకు తెలిసింది ఒక్క పిల్లాడే, క్లాసు నిండా అలాంటి పిల్లలుంటే నా వల్ల అవుతుందా?

డీఎస్సీ_బాటసారి
మొదటి ప్రశ్నకు జవాబు. తెలంగాణ డీఎస్సీ 2024లో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి స్కూల్ అసిస్టెంట్ 220, ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లు, 796. ఆంధ్రలో 2025లో 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు మంజూరయ్యాయి. ఇవి హెచ్‌ఐ ఒక్కదానికే కాదు, అన్ని రకాల వైకల్యాలకూ కలిపి. దీని వెనక సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 2021 అక్టోబరులో ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది. పోస్టులు ఎందుకు మంజూరు చేయలేదని 2025లో రాష్ట్రాలను మళ్లీ గట్టిగా అడిగింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నడిచిన రంగం ఇప్పుడిప్పుడే రెగ్యులర్ అవుతోంది.

భవిత_శారద
పదకొండేళ్లుగా మండలంలో ఐఈఆర్‌పీగా, అంటే ప్రత్యేక అవసరాల పిల్లల టీచరుగా చేస్తున్నాను. లలితా, ఈ పని ఎలా ఉంటుందో తెలిసి రావాలి, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నీ మనసులో ఉన్నది బధిరుల పాఠశాల అనుకుంటా. ఎనిమిది పదిమంది పిల్లలు అర్ధచంద్రాకారంలో కూర్చుంటే మధ్యలో టీచరు. అలాంటి బడులు ఉన్నాయి. కానీ ఇప్పుడు ఎక్కువ మంది పిల్లలు మామూలు బడుల్లోనే ఉన్నారు. ఒక్కో ఊళ్లో ఒక్కో పిల్లాడు. నేను వారంలో కొన్ని రోజులు ఈ పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో ఉంటాను, మిగతా రోజులు బడులు తిరుగుతాను, ఇళ్లకూ వెళ్తాను. బండి పెట్రోలు, ఎండ, వాన, అన్నీ ఉంటాయి.

బడికి వెళ్లగానే మొదట చూసేది పిల్లాడి చెవి మిషను. పదిసార్లు వెళ్తే ఆరేడు సార్లు అది ఇంట్లో బీరువాలో ఉంటుంది. "కొత్తది కదా మేడమ్, పాడవుతుందని దాచాం" అంటారు. లేదంటే బ్యాటరీ అయిపోయి నెలవుతుంది. చెవిలో పెట్టే మౌల్డు చిన్నదైపోయి కుయ్‌మని శబ్దం వస్తుంటే క్లాసులో అందరూ నవ్వారని పిల్లాడే తీసి జేబులో వేసుకుంటాడు. పిల్లల చెవి పెరుగుతుంది కాబట్టి మౌల్డు మారుస్తూ ఉండాలన్న సంగతి ఇచ్చినవాళ్లు చెప్పరు. వానాకాలం తేమకి మిషను ఆగిపోతుంది, రాత్రిపూట సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టమని నేనే డబ్బాలు కొని ఇచ్చాను.

ఆ తర్వాత క్లాసు టీచరుతో మాట్లాడాలి. బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పొద్దని, కిటికీకి వీపు పెట్టి నిలబడితే వెలుగు వెనకనుంచి వచ్చి ముఖం నల్లగా కనపడుతుందని, పిల్లాణ్ని రెండో వరసలో ఓ పక్కగా కూర్చోబెడితే తోటి పిల్లల ముఖాలు కూడా కనపడతాయని. నలభై మంది పిల్లలున్న టీచరుకి ఇది భారమే. ఆమెతో స్నేహం చేసుకోవడం ఈ ఉద్యోగంలో సగం పని.

మిగిలిన సగం, నువ్వు రాసిన ఆ అర్జీ. దాని గురించి సాయంత్రం రాస్తా, ఇప్పుడు మీటింగుంది.

పల్లె_వైద్యుడు
లలితమ్మా, ఇది పుణ్యం పని. దేవుడు మాట ఇవ్వని పిల్లలకు మాట ఇవ్వడం కంటే సేవ ఏముంది. తప్పకుండా చేరు.

భవిత_శారద
డాక్టరు గారూ, మీ మంచి మనసు తెలుసు. కానీ ఆ "పుణ్యం" మాట వల్లే మాకు పన్నెండు నెలల జీతం అడగడం కష్టమైపోయింది. ఇది కూడా లెక్కల టీచరు, సైన్సు టీచరులాంటి ఉద్యోగమే. చదువు కావాలి, అభ్యాసం కావాలి, జీతం కావాలి.

పల్లె_వైద్యుడు
నిజమే అమ్మా, ఆ కోణం నాకు తట్టలేదు.

నల్లబల్ల_మాస్టారు
నేను బధిరుల ఆశ్రమ పాఠశాలలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా కాలం పద్ధతులు చెప్తా, వినండి.

పొద్దున క్లాసు మొదలయ్యేది ఆరు శబ్దాలతో. నోరు చేత్తో మూసుకుని, లేదా పిల్లాడి వెనక నిలబడి, ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఒక్కొక్కటీ పలుకుతాం. వినపడితే పిల్లాడు గింజ తీసి డబ్బాలో వేస్తాడు. మాటలో ఉండే లోతు శబ్దాల నుంచి సన్న శబ్దాల దాకా ఈ ఆరింట్లోనే వచ్చేస్తాయి. నిన్న ష్ విన్న పిల్లాడు ఇవాళ వినలేదంటే మిషనులో ఏదో ఉంది, లేదా చెవిలో చీము ఉంది. రెండు నిమిషాల పని, యంత్రం ఏదీ అక్కర్లేదు.

తర్వాత పలుకు. అద్దం ముందు కూర్చోబెట్టుకుని పాప, బాబ, మామ చెప్పిస్తాం. అద్దంలో పెదవులు మూడింటికీ ఒకేలా కదులుతాయి. అందుకని పిల్లాడి చెయ్యి నా గొంతు మీద పెట్టిస్తే 'బ'కి అదురు తెలుస్తుంది, 'ప'కి తెలియదు. ముక్కు మీద వేలు పెట్టిస్తే 'మ' తెలుస్తుంది. ఒక్క 'క' కోసం మూడు నెలలు కూర్చున్న పిల్లలున్నారు, అది లోపల ఎక్కడో పుడుతుంది, కంటికి కనపడదు. "అమ్మా, ఆకలి" అని మొదటిసారి సెలవుల్లో ఇంటికెళ్లి పిలిచిన పిల్ల తల్లి నా కాళ్ల మీద పడబోయింది. కాబట్టి లలితా, సైగల భాష వెంట పడకముందు పలుకు నేర్పడం నేర్చుకో. లోకమంతా మాట్లాడేవాళ్లే కదా.

కళ్లతో_వింటా
నల్లబల్ల మాస్టారు గారికి గౌరవంతోనే చెప్తున్నాను, నేను ఒప్పుకోను. నేను బధిరుణ్ణి. రెండు చెవుల్లోనూ వినికిడి లోపం 95 డెసిబెల్స్ దాటింది, అంటే దాదాపు ఏమీ వినపడదు.

మీలాంటి మంచి మాస్టారి దగ్గరే చదివాను. ఏడేళ్లు అద్దం ముందు కూర్చున్నాను. నేను పలికిన మాట మా ఇంట్లో వాళ్లకీ మా మాస్టారికీ తప్ప ఎవరికీ అర్థం కాదు. బస్సు కండక్టరుకి కాదు, మెడికల్ షాపులో కాదు. ఆ ఏడేళ్లూ నీళ్లు ఎలా ఆవిరవుతాయో, దేశాలు ఎక్కడున్నాయో ఎవరైనా చేతులతో చెప్పి ఉంటే నేను ఎంత చదివేవాణ్ణి! క్లాసులో చేతులు కదిలిస్తే స్కేలుతో కొట్టేవారు. రాత్రి హాస్టల్లో లైటు కింద అందరం గుంపుగా కూర్చుని చేతులతో మాట్లాడుకునేవాళ్లం. నాకు తెలిసిన విషయాల్లో ఎక్కువ భాగం ఆ లైటు కిందే నేర్చుకున్నాను, పై తరగతి అన్నల దగ్గర.

ఇది ఒక్క మన దగ్గరే కాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య టీచర్ల మహాసభ జరిగింది. బడుల్లో మాటే ఉండాలి, సైగలు ఉండకూడదని తీర్మానం చేశారు. ఓటేసినవాళ్లు దాదాపు అందరూ వినపడేవాళ్లే. వందేళ్లకు పైగా ఆ తీర్మానం ప్రపంచంలో బధిర పిల్లల చేతులు కట్టేసింది. 2010లో వాంకూవర్‌లో అదే మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపింది. 130 ఏళ్లు పట్టింది.

తెలుగు బాగా ఎలా రాస్తున్నావని అడుగుతారు. 22 ఏళ్లకు సంజ్ఞా భాష బాగా తెలిసిన ఒక అక్క దొరికింది. ప్రతి వాక్యం చేతులతో చెప్పి, పక్కన తెలుగులో రాసి, రెండూ ఎక్కడ వేరో చూపించింది. అప్పుడు నాకు తెలుగు తెలిసింది.

నల్లబల్ల_మాస్టారు
బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. స్కేలు నేను కూడా వాడాను. మాకు ట్రైనింగులో అదే చెప్పారు, చేతులు కదిలితే పెదవులు కదలవని. హాస్టల్లో లైటు కింద మా పిల్లలూ అలాగే కూర్చునేవారు, నేను వెళ్తే ఆపేసేవారు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

కొంచెం వినికిడి మిగిలిన పిల్లలకు మాత్రం పలుకు అందుతుంది, అది వదలొద్దన్న నా మాట మీదే నేనున్నాను.

కళ్లతో_వింటా
కొంచెం వినపడే పిల్లల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను సార్. పలుకు వద్దని నేను ఎప్పుడూ అనలేదు. పలుకు వచ్చేదాకా పాఠం ఆపొద్దంటున్నాను.

కొత్త_కాక్లియా_నాన్న
రెండు వైపులా చదివాను, నా అనుభవం వేరు. మా పాపకు ఏడాదిన్నరకు కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో వినికిడి పరికరం అమర్చే ఆపరేషన్, చేయించాం, ప్రభుత్వ పథకంలోనే. ఆ తర్వాత ఏవీటీకి, అంటే విని మాట్లాడటం నేర్పే థెరపీకి, వారానికి రెండుసార్లు, రెండేళ్ల పాటు మా ఆవిడ బస్సులో తీసుకెళ్లింది. ఇప్పుడు పాప మామూలు బడిలో మూడో తరగతి, ఎక్కాలు గడగడా చెప్తుంది. సైగలు నేర్పొద్దని థెరపిస్టు చెప్పారు, మేమూ నేర్పలేదు. సైగలే కావాలనేవాళ్లు ఈ పిల్లల్ని కూడా గుర్తుంచుకోవాలి.

భవిత_శారద
చాలా సంతోషం అన్నా. పాపకి నా దీవెనలు. మీ ఆవిడ ఆ బస్సు ప్రయాణాలు చేయకపోతే ఆపరేషన్ ఒక్కదానితో ఏమీ అయ్యేది కాదు.

నా మండలంలో ఇంప్లాంటు అయిన పిల్లలు నలుగురు. ఇద్దరు మీ పాపలాగే ఉన్నారు. ఒకడికి నాలుగేళ్లు దాటాక అయింది, థెరపీకి ఊరి నుంచి మూడు గంటల ప్రయాణం, ఆర్నెల్లకే మానేశారు. నాలుగో అమ్మాయికి బయట పెట్టుకునే ప్రాసెసర్ వారంటీ అయ్యాక పాడైంది. కూలి చేసుకునే ఇల్లు, బాగుచేయడానికి వాళ్లు చెప్పిన ధర ఆ ఇంటి ఏడాది సంపాదన. ఆ అమ్మాయి ఒక్క రోజులో మళ్లీ ఏమీ వినపడని పిల్ల అయిపోయింది. సైగలూ నేర్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లకి ఏ భాషా లేకుండా పోయింది. ఆమె దగ్గర కూర్చున్న రోజున నేను నిర్ణయించుకున్నా, ఏ పిల్లాడి విషయంలోనూ ఒక్క దారినే నమ్ముకోకూడదని.

కొత్త_కాక్లియా_నాన్న
ప్రాసెసర్ సంగతి మాకూ రాత్రిళ్లు భయమే. రాత్రి తీసి పడుకోబెట్టాక పాప ఏమీ వినలేదు కదా. కరెంటు పోతే చీకట్లో భయపడి ఏడుస్తుంది, మా మాట వినపడదు, మా ముఖం కనపడదు. ఆ సమయానికి కొన్ని సైగలు ఉంటే బాగుండేదని మా ఆవిడ చాలాసార్లు అంది.

కళ్లతో_వింటా
చీకట్లో చేతిలో చెయ్యి పెట్టి సైగ చేయొచ్చు అన్నా. మేం హాస్టల్లో కరెంటు పోతే అలాగే మాట్లాడుకునేవాళ్లం.

ఫ్రీమాంట్_వాణి
మాది గుంటూరు, ఇప్పుడు కాలిఫోర్నియాలో. మా అబ్బాయి ఫ్రీమాంట్‌లోని బధిరుల పాఠశాలలో చదువుతున్నాడు. అక్కడ టీచర్లలో చాలామంది బధిరులే. నా కొడుకు పెద్దయ్యాక ఏమవుతాడో నాకు మొదటిసారి కళ్ల ముందు కనపడింది ఆ బడిలోనే. లెక్కల టీచరు, ఆఫీసులో కూర్చున్నాయన, అందరూ చేతులతో మాట్లాడుకుంటున్నారు. అప్పటిదాకా వినపడని పెద్దవాళ్లను నేను ఒక్కరిని కూడా కలవలేదు.

సెలవులకు ఇండియా వచ్చినప్పుడు మా పెదనాన్న గారి ఊళ్లో ఒక బధిర కుర్రాడితో మావాడు కూర్చున్నాడు. మావాడిది అమెరికన్ సంజ్ఞా భాష, అక్షరాలు ఒక చేత్తో. ఆ అబ్బాయిది మన సంజ్ఞా భాష, అక్షరాలు రెండు చేతులతో. అరగంట తికమక పడ్డారు, సాయంత్రానికి మామిడి తోటలో ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ తెలియలేదు.

డీఎస్సీ_బాటసారి
వాణి గారి మాట ముఖ్యమైంది. మన దగ్గర కూడా బధిరులు టీచర్లు కావచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో వైకల్యం ఉన్నవారికి 4 శాతం రిజర్వేషను, అందులో 1 శాతం వినికిడి లోపం ఉన్నవారికి. సంజ్ఞా భాష నేర్పడానికి బధిరుల కోసమే రెండేళ్ల డిప్లొమా ఉంది, డీటీఐఎస్‌ఎల్ అంటారు.

గోదారిగట్టు_లలిత
అందరివీ చదువుతున్నాను, మా తమ్ముడికి కూడా చూపిస్తున్నాను. 'కళ్లతో వింటా' అన్నయ్య రాసిన హాస్టల్ లైటు సంగతి సైగలతో చెప్పాను, వాడు లేచి నిలబడి తన చేతులతో ఏదో చాలాసేపు చెప్పాడు. సగం నాకు అర్థం కాలేదు. మా ఇంటి సైగలు అన్నం, నీళ్లు, బజారు, అమ్మ కోపం, ఇంతే. అంతకు మించి వాడితో నేను ఎప్పుడూ మాట్లాడలేదని ఆ రోజు తెలిసింది.

రెండో ప్రశ్న మళ్లీ అడుగుతున్నా. సంజ్ఞా భాష బీఈడీలో వస్తుందా?

మలక్‌పేట_మాధవి
హెచ్‌ఐ బీఈడీ చేసి నాలుగేళ్లయింది. నిజం చెప్తా. నేను చదివిన చోట సైగలకు కేటాయించిన గంటలు చాలా తక్కువ. చెవి నిర్మాణం, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) చదవడం, పలుకు, భాషాభివృద్ధి, ఇవన్నీ బాగా వచ్చాయి. మొదటి రోజు క్లాసులోకి వెళ్తే పిల్లలు నాతో ఏదో చెప్తున్నారు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఐదో తరగతి పాప ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చి, నా చేతులు పట్టుకుని, సైగ ఎలా పెట్టాలో వేలు వేలూ సరిచేసింది. ఆ ఏడాది నేను వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. కానీ టీచరుకి భాష నేర్పడం పిల్లల పని కాకూడదు కదా.

కాబట్టి కోర్సుతో పాటు నువ్వే విడిగా నేర్చుకో. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో వచ్చింది. వాళ్ల నిఘంటువులో 10,000 పదాల వీడియోలున్నాయి, ఉచితం. ఎన్‌సీఈఆర్‌టీతో 2020లో ఒప్పందం చేసుకుని పాఠ్యపుస్తకాలు కూడా సంజ్ఞా భాషలోకి తెస్తున్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ బధిర విద్య కోర్సులూ ఉన్నాయి. కానీ వీడియోల కంటే, నెలకోసారైనా బధిరుల సంఘం దగ్గరికి వెళ్లి కూర్చోవడం మంచిది.

పిల్లలు టీచరుకి సైగ పేరు పెడతారు. నాకు పెట్టింది, కొంగు నడుముకి దోపుకునే సైగ. పాఠం మొదలుపెట్టే ముందు నేను అలా చేస్తానట, నాకే తెలియదు.

నల్లబల్ల_మాస్టారు
నాకు ముక్కు గోక్కునే సైగ. 31 ఏళ్లు అదే పేరు. పెళ్లిళ్లలో పాత విద్యార్థులు హాలుకి ఆ చివరి నుంచి ముక్కు గోకి పిలుస్తారు, నేను చెయ్యెత్తుతాను.

భవిత_శారద
మొన్న మధ్యలో ఆపిన విషయం. లలిత తమ్ముడి అర్జీ.

"నేను కార్డు పోయింది". దీన్ని తప్పుల తడక అంటారు చూసినవాళ్లు. కొంచెం ఆగి చూస్తే, మాటలన్నీ ఉన్నాయి, మాటల్ని కలిపే కు, ని, తో, లో, యొక్క, అవి లేవు. మనం ఆ చిన్న ముక్కల్ని ఎవరూ నేర్పకుండా చెవితో పట్టుకున్నాం. పెదవులు చూసేవాడికి "బడికి", "బడిలో" చివర ముక్క పరుగులో మాయమైపోతుంది. పైగా సంజ్ఞా భాషలో ఆ సంబంధాన్ని చెయ్యి కదిలే దిక్కుతో చూపిస్తారు, విడిగా ఒక మాట ఉండదు. నేను నీకు ఇచ్చానా, నువ్వు నాకు ఇచ్చావా అన్నది చెయ్యి ఎటు కదిలిందో చూస్తే తెలుస్తుంది. ప్రశ్న మాట వాక్యం చివర వస్తుంది. దానికంటూ ఒక వ్యాకరణం ఉంది, అది అరకొర తెలుగు కాదు.

నేను చేసేది ఇది. సోమవారం పిల్లల్ని సంతకు తీసుకెళ్తా. ట్రైనింగులో దీన్ని విజిట్ అంటారు. టమాటా ఎవరు కొన్నారు, డబ్బు ఎవరు ఎవరికి ఇచ్చారు, అన్నీ సైగలతో మాట్లాడుకుంటాం. మంగళవారం క్లాసులో అదే సంతను నాటకంగా ఆడతాం. అప్పుడు బోర్డు మీద "రమణ రాజుకు డబ్బు ఇచ్చాడు" అని రాసి, 'కు' ఒక్కటీ ఎర్ర సుద్దతో రాస్తా. తర్వాత 'కు' తీసి రమణ పక్కన పెడితే ఏమవుతుంది? "రమణకు రాజు డబ్బు ఇచ్చాడు". ఇద్దరు పిల్లలు లేచి నోటు చేతులు మార్చుకుంటారు. ఆ ఒక్క అక్షరం డబ్బుని అటు నుంచి ఇటు పంపిందని వాళ్ల ముఖంలో తెలిసే క్షణం చూడాలి. బుధవారం మళ్లీ అదే. వారమంతా ఒక్క 'కు' మీదే. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు సిలబస్ ఎంత అయింది అని అడుగుతారు, నేను బోర్డు చూపిస్తా.

బోర్డు మీద చూసి ఎక్కించుకోవడం ఒక్కటే నేర్పితే నోటు పుస్తకం ముత్యాల్లా ఉంటుంది, పిల్లాడి దగ్గర భాష ఉండదు. లలితా, నీకు కోపం వచ్చింది సరైన చోటే.

కళ్లతో_వింటా
ఎర్ర సుద్ద! మా అక్క ఎర్ర పెన్ను వాడేది.

హైదరాబాదీ_రఫీ
జీతం సంగతి ఎవరూ సరిగా రాయలేదు. నేను ఒక స్వచ్ఛంద సంస్థ బడిలో చేశాను. చేరినప్పుడు పద్నాలుగు వేలు, ఐదేళ్లకు పంతొమ్మిది. పెళ్లయ్యాక గడవక మానేసి ట్యూషన్లు చెప్పుకుంటున్నా. పిల్లలు ఇప్పటికీ వీడియో కాల్ చేస్తారు. డీఎస్సీ కోసం ఎదురుచూసే మధ్య ఏళ్లు ఎలా గడపాలో ముందే లెక్క వేసుకో చెల్లీ. ఇంకోటి, కోర్సు అవగానే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) దగ్గర నమోదు చేయించుకుని సీఆర్‌ఆర్ నంబరు, అంటే వాళ్ల రిజిస్టరు నంబరు, తెచ్చుకోవాలి. ఐదేళ్లకోసారి పునరుద్ధరణ, దానికి వంద సీఆర్‌ఈ పాయింట్లు, అంటే శిక్షణ తరగతులకు వెళ్తే వచ్చే పాయింట్లు, కావాలి. నేను అశ్రద్ధ చేస్తే గడువు దాటిపోయింది, ఒక నోటిఫికేషన్‌కి అప్లై చేయలేకపోయాను.

మలక్‌పేట_మాధవి
రఫీ అన్నా, మళ్లీ పునరుద్ధరించుకుని రండి. అనుభవం ఉన్నవాళ్లు బయట ఉంటే మా పిల్లలకు నష్టం.

గోదారిగట్టు_లలిత
నిన్న నాన్నగార్ని బలవంతంగా మా దగ్గర్లోని బధిరుల బడికి తీసుకెళ్లాను. తమ్ముడు కూడా వచ్చాడు. హెడ్మాస్టరు గారు మమ్మల్ని ఏడో తరగతిలో కూర్చోనిచ్చారు. టీచరు లైటు స్విచ్ రెండుసార్లు వేసి తీస్తే అందరూ అటు తిరిగారు. సూర్యగ్రహణం పాఠం. ఒక అబ్బాయి సూర్యుడు, ఒకమ్మాయి చంద్రుడు, ఒకడు భూమి. భూమి అబ్బాయి ఎవరి నీడ ఎవరి మీద పడిందని వాదిస్తున్నాడు, టీచరు చేతులతో జవాబిస్తోంది, ఇంకో పిల్ల మధ్యలో లేచి కాదంది. నాన్నగారు చాలాసేపు కదలకుండా చూశారు. బయటికొచ్చాక, "మనవాణ్ణి కూడా ఇలాంటి క్లాసులో కూర్చోబెట్టి ఉంటే?" అని అడిగారు. నేనేమీ చెప్పలేదు.

తమ్ముడు ఇంటికి రానన్నాడు. సాయంత్రం దాకా ఆ పిల్లలతోనే ఉన్నాడు.

హెచ్‌ఐకే ఫీజు కట్టేశాను. జీతం లెక్క కూడా వేసుకున్నా రఫీ అన్నా, మొదటి రెండేళ్లు సాయంత్రాలు ట్యూషన్లు చెప్తా.

కళ్లతో_వింటా
తమ్ముడి చేత ఇక్కడ రాయించు. తప్పులున్నా పర్వాలేదు. నేను జవాబిస్తా.

చిట్టి_అమ్మమ్మ
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా మనవడికి రెండేళ్ల ఐదు నెలలు. ఇంకా మాటలు రాలేదు. పిలిస్తే ఒక్కోసారి చూస్తాడు, ఒక్కోసారి చూడడు. వాళ్ల నాన్నకి కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి, మగపిల్లలకు అంతేనని మా వియ్యపురాలు అంటోంది. వెనక గిన్నె పడేస్తే తిరిగి చూశాడు. అంటే వినపడుతున్నట్టేనా?

భవిత_శారద
కాదమ్మా, గిన్నె మీద నమ్మకం పెట్టుకోకండి. గిన్నె పడితే నేల అదురుతుంది, పిల్లలు దానికి తిరుగుతారు. కొందరికి పెద్ద శబ్దం వినపడుతుంది, మాట వినపడదు. మాటలు ఆలస్యమైతే మొదట చెవి పరీక్ష చేయించాలి, ఆ తర్వాతే మిగతావి.

పరీక్ష పేరు బెరా. పిల్లాణ్ని నిద్రపుచ్చి తలకి చిన్న వైర్లు అంటించి చేస్తారు, నొప్పి ఉండదు. ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెడితే అక్కడ త్వరగా నిద్రపోతాడు. జిల్లా ఆసుపత్రిలో చిన్నపిల్లల సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది, డీఈఐసీ అని అడగండి, ఎక్కడ చేస్తారో వాళ్లే చెప్తారు. రెండు మూడేళ్ల లోపు మెదడు భాషని పట్టుకున్నంత తేలిగ్గా తర్వాత పట్టుకోదు, అందుకని పండగ అయ్యాక వెళ్దామనుకోవద్దు.

పరీక్ష అయ్యేదాకా వాడి ఎదురుగా కూర్చుని, వాడి కళ్ల ఎత్తులో ముఖం పెట్టి మాట్లాడండి. ఏది చూపిస్తే దానికి చేత్తో ఒక సైగ కూడా చేయండి.

చిట్టి_అమ్మమ్మ
రేపు పొద్దున్నే మా అబ్బాయితో వెళ్తాం.

భవిత_శారద
రిపోర్టు తీసుకోగానే అందులో కుడి చెవి, ఎడమ చెవి పక్కన ఉన్న అంకెలు ఇక్కడ రాయండమ్మా. మీది ఏ మండలమో కూడా రాయండి, అక్కడి భవిత టీచరు ఎవరో కనుక్కుంటాను.